చిన్న మిల్లుకి కంప్యూటర్ తగిలిస్తే

"మూడు మోటార్లు పెట్టి ఒక ఆర్డునో తగిలిస్తే అయిపోయిందిగా, దానికి సెమిస్టరంతా ఎందుకురా?" అని హాస్టల్లో కనీసం పది మంది అడిగుంటారు. వాళ్లని ఏమీ అనడానికి లేదు. ప్రాజెక్టు మొదలుపెట్టిన రోజు మేం నలుగురం అనుకున్నదీ అదే. ఎలక్ట్రానిక్స్ పని నిజంగానే రెండు వారాల్లో అయిపోయింది. మిగతా నాలుగు నెలలు ఎక్కడికి పోయాయో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు మెషిన్ గురించి. మన వర్క్‌షాప్‌లో లేత్‌ల వరస దాటాక కిటికీ పక్కన బల్ల మీద ఒక బుల్లి మిల్లింగ్ మెషిన్ ఉంటుంది, చూసే ఉంటారు. ఫస్టియర్‌లో ఆకురాయి పట్టుకుని ఇనప ముక్కని చదరం చేయలేక చేతులు బొబ్బలెక్కించుకున్న రోజుల్లో మనందరం దాని వైపు ఆశగా చూసినవాళ్లమే. హాబీ వాళ్లు 'ఎక్స్2' అని పిలిచే రకం అది. చైనాలో తయారై దేశానికో రంగుతో, దుకాణానికో పేరుతో ప్రపంచమంతా అమ్ముడవుతుంది. ఇంటి వెనక షెడ్డులో బొమ్మ ఆవిరి ఇంజన్లు చేసుకునేవాళ్లకి ఇష్టమైన సైజు. దాని బల్ల అటూ ఇటూ ఒక జానెడు, ముందుకీ వెనక్కీ అందులో సగం కదులుతుంది, అంతే.

లేత్‌లో జాబ్ తిరుగుతుంది, టూల్ దాని దగ్గరికి వస్తుంది. మిల్లింగ్‌లో కట్టర్ తిరుగుతుంది, బల్ల మీద బిగించిన జాబ్ దాని కిందకి వస్తుంది. బల్లని కదపడానికి రెండు చక్రాలు, ఎక్స్‌కి ఒకటి, వైకి ఒకటి. కట్టర్ ఉన్న హెడ్ పైకీ కిందకీ కదలడం జడ్. తిన్నగా కోయాలంటే హాయి, ఒక చక్రం తిప్పుకుంటూ పోవడమే. గుండ్రంగా కోయాలంటే మాత్రం రెండు చేతులతో రెండు చక్రాలూ ఒకేసారి, క్షణక్షణం మారే వేగాలతో తిప్పాలి. ఒకసారి ప్రయత్నించి చూడండి. మాకు వచ్చింది గుండ్రం కాదు, వంకాయ.

ఈ బాధ పెద్దపెద్దవాళ్లకీ ఉండేది. 1940ల్లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రోటార్ రెక్కలు తయారుచేసేవాడు. రెక్క వంపు సరిగ్గా వచ్చిందో లేదో చూసే టెంప్లేట్లు కోయడం పెద్ద తలనొప్పి. ఆయనా, ఆయన దగ్గర పనిచేసే ఫ్రాంక్ స్టూలెనూ కలిసి ఒక ఉపాయం చేశారు. పంచ్ కార్డులతో లెక్కలు చేసే ఐబీఎం యంత్రాల మీద వంపులోని బిందువులన్నీ ముందే లెక్కగట్టించి, ఆ అంకెలు కాగితం మీద పెట్టుకున్నారు. ఒకడు అంకెలు పైకి చదవడం, ఒకడు ఎక్స్ చక్రం, ఇంకొకడు వై చక్రం తిప్పడం. చెవితో విని చేత్తో నడిపిన సీఎన్‌సీ అన్నమాట. చదివేవాడి స్థానంలో బెజ్జాలు కొట్టిన కాగితం టేపునీ, తిప్పేవాళ్ల స్థానంలో మోటార్లనీ పెట్టొచ్చు కదా అన్న ఆలోచన అమెరికా వైమానిక దళం డబ్బుతో ఎంఐటీలోని సర్వోమెకానిజమ్స్ ల్యాబ్‌కి చేరింది. 1952లో వాళ్లు నడిపి చూపించిన మెషిన్ కొత్తగా కట్టింది కాదు. సిన్సినాటి హైడ్రోటెల్ అనే మిల్లింగ్ మెషిన్‌ని మార్చి తయారుచేసింది. అంటే మొదటి న్యూమరికల్ కంట్రోల్ మిల్లు కూడా మాదిలాగే కన్వర్షనే. ప్రాజెక్టు రివ్యూలో "కొత్తగా ఏం చేశారు, పాతదానికి మోటార్లు పెట్టారు, అంతేగా" అన్నప్పుడు ఈ మాట గుర్తొచ్చుంటే ఎంత బాగుండేదో.

ప్లే

మా మొదటి తప్పు తొందర. చక్రాలు పీకేసి, ఉన్న స్క్రూలకే కప్లింగ్ పెట్టి మోటార్లు బిగించాం. మోటార్ కదిలింది, బల్ల కదిలింది, అందరం వీడియోలు తీసుకున్నాం. నైలాన్ ముక్క పెట్టి 40 మి.మీ. గుండ్రం కోయమన్నాం. దూరం నుంచి చూస్తే గుండ్రమే. చేతిలోకి తీసుకుని బొటనవేలితో అంచు చుట్టూ తడిమితే నాలుగు చోట్ల చదునుగా తగిలింది. గడియారంలో 12, 3, 6, 9 ఉండే చోట్ల.

స్క్రూ మీద నట్ నడవాలంటే మరల మధ్య కాస్త సందు ఉండాలి. లేకపోతే బిగుసుకుపోతుంది. ఒకే దిక్కుకి తిప్పుతున్నంతసేపూ ఆ సందు ఒక పక్కనే ఉండిపోతుంది కాబట్టి మనకి తెలియదు. వెనక్కి తిప్పడం మొదలుపెట్టగానే స్క్రూ తిరుగుతుంది గానీ, సందు పూడేదాకా బల్ల కదలదు. పుస్తకాల్లో బ్యాక్‌లాష్ అంటారు, లేత్ షాపుల్లో 'ప్లే ఉంది' అంటారు. చేత్తో నడిపే మెషిన్‌కి ఇది ఉన్నా పని జరిగిపోతుంది. ఆపరేటర్ ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి వచ్చి ఆగుతాడు, వెనక్కి రావాల్సొస్తే కాస్త ఎక్కువే వెనక్కి పోయి మళ్లీ ముందుకొస్తాడు. ఆ తెలివి ఆయన చేతుల్లో ఉంది. మోటార్లో లేదు.

కొలవడం తేలిక. బల్లకి డయల్ గేజ్ ముల్లు ఆనించి, ఒక దిక్కుకి ఒక మి.మీ. నడిపి సున్నా పెట్టండి. అదే దిక్కుకి ఇంకో మి.మీ. నడిపి, మళ్లీ ఒక మి.మీ. వెనక్కి రమ్మనండి. ముల్లు సున్నాకి రాకుండా ఎంత దూరంలో ఆగితే అంత ప్లే. మా పాత మెషిన్‌లో ఎక్స్‌కి 0.18, వైకి 0.24 మి.మీ. వచ్చింది.

0.18 అంటే ఎంతలే, రెండు కాగితాల మందం అనుకున్నాం. కానీ లెక్క చూడండి. గుండ్రంలో 3 గంటల చోటుకి వచ్చేసరికి ఎక్స్ తన దిక్కు మార్చుకుంటుంది. మార్చుకున్నాక స్క్రూ 0.18 తిరిగేదాకా బల్ల ఎక్స్‌లో నిలబడిపోతుంది, వై మాత్రం కదులుతూనే ఉంటుంది. 20 మి.మీ. రేడియస్ గుండ్రంలో ఎక్స్ 0.18 మారాలంటే దాదాపు 7.7 డిగ్రీలు తిరగాలి. ఆలోగా వై ఎంత పోతుంది? 20 ఇంటూ సైన్ 7.7, అంటే సుమారు 2.7 మి.మీ. రెండు కాగితాల సందు 2.7 మి.మీ. పొడవున్న చదును గీత అయి కూర్చుంది. బొటనవేలికి తగిలింది అదే. పైగా వెడల్పు కూడా ఎక్స్ వైపు 0.18, వై వైపు 0.24 తగ్గుతుంది, కాబట్టి అది గుండ్రం కూడా కాదు.

ఇక్కడ మా కంప్యూటర్ సైన్స్ వాడు లేచి, "సందు ఎంతో తెలుసు కదా, దిక్కు మారినప్పుడల్లా అంత అదనంగా తిప్పమని కోడ్ రాసేస్తే పోలా?" అన్నాడు. మంచి ప్రశ్నే. లినక్స్‌సీఎన్‌సీలో, మాక్3లో ఆ సదుపాయం ఉంది కూడా. మేం వాడిన గ్రబుల్‌లో లేదు. కానీ ఉన్నా పూర్తిగా నమ్మలేం. కోడ్ సరిచేసేది స్క్రూ తిరగడాన్ని. సందులో బల్ల ఎక్కడుందో దానికి తెలియదు. కట్టర్ పన్ను లోహంలో దిగినప్పుడు బల్లని ఏదో ఒక వైపు తోస్తుంది లేదా లాగుతుంది. పన్ను జాబ్ నడకకి ఎదురుగా కోస్తుంటే బల్ల వెనక్కి నొక్కుకుని నట్‌కి ఆనుకునే ఉంటుంది, గొడవ లేదు. అదే క్లైంబ్ మిల్లింగ్‌లో పన్ను జాబ్ నడిచే దిక్కుకే లాగుతుంది. బల్ల సందు మేరకి ఒక్క ఉదుటున ముందుకి దూకుతుంది, పన్నుకి అందాల్సిన ముక్క కంటే చాలా ఎక్కువ అందుతుంది, కట్టర్ టక్కున విరుగుతుంది. ఇదంతా పుస్తకంలో చదివి తెలుసుకున్నామని చెప్పుకోవాలని ఉంది గానీ, 6 మి.మీ. ఎండ్ మిల్ విరిగి కిటికీ ఊచకి తగిలినప్పుడు తెలిసింది. ఆ రోజు కళ్లద్దాలు పెట్టుకున్నది ఇద్దరమే. ఆ మర్నాటి నుంచి నలుగురం.

బాల్ స్క్రూ వచ్చింది, బాల్స్ పోయాయి

కాబట్టి స్క్రూలు మార్చక తప్పలేదు. మొత్తం ఖర్చులో సగానికి పైగా పోయింది ఇక్కడే. బాల్ స్క్రూలో మరకీ నట్‌కీ మధ్య ఉక్కు గోళీలు దొర్లుతూ, నట్ చివరికి చేరి, లోపలి దారి గుండా మళ్లీ మొదటికి వస్తుంటాయి. రుద్దుకోవడం పోయి దొర్లడం వచ్చింది కాబట్టి సందు దాదాపు లేకుండా బిగించినా బిగుసుకోదు. మామూలు స్క్రూలో మనం పెట్టిన శ్రమలో చాలా భాగం రాపిడికే పోతుంది. ఇందులో 90 శాతం దాకా పనికొస్తుంది. ఈ 90 శాతం గుర్తుపెట్టుకోండి, దీని వల్లే తర్వాత మా ప్రాణం మీదకి వచ్చింది.

హాబీ వాళ్లు ఎక్కువగా వాడేది 1605 అనే రకం, అంటే 16 మి.మీ. లావు, ఒక చుట్టుకి 5 మి.మీ. నడక. మాకు అందుబాటులో వచ్చేవి సీ7 గ్రేడువి, 300 మి.మీ. పొడవులో 0.05 మి.మీ. దాకా తేడా ఉండొచ్చని దాని అర్థం. మా బల్ల నడిచేదే జానెడు కాబట్టి చాలు. ఎక్స్‌కి 1605 వేశాం. వైలో శాడిల్ కింద జాగా లేదు, 1605 నట్ లావే 28 మి.మీ. అక్కడ 12 మి.మీ. లావు, 4 మి.మీ. నడక ఉన్న 1204 వేశాం. జడ్‌కి మొదట స్క్రూనే లేదు. ఈ మోడల్‌లో హెడ్ పళ్ల బద్ద మీద, అంటే ర్యాక్ అండ్ పినియన్ మీద ఎక్కి దిగుతుంది. అది వదిలేసి కాలమ్ పక్కన 1605 నిలబెట్టాం.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. రెండూ మేం పాటించనివే.

ఒకటి, మోటార్ బిగించే పలకలు, బేరింగ్ దిమ్మలు, నట్ బ్రాకెట్లు అన్నీ అల్యూమినియం దిమ్మల్లోంచి మిల్లింగ్ చేసి తీయాలి. మిల్లింగ్ మెషిన్ ఏది? విప్పేసి పేపర్ల మీద పరిచి పెట్టాం కదా! మెషిన్ విప్పకముందే దాని మీదే దాని భాగాలన్నీ చేసి పెట్టుకోవాలి. మేం చేసుకోలేదు గనక డ్రాయింగులు పట్టుకుని విజయవాడ ఆటోనగర్ పోయాం. స్క్రూల చివరలు బేరింగ్ సైజుకి తగ్గించే పనికి ఎలాగూ పోవాల్సిందే, పై పొర గట్టిబరిచి ఉంటుంది కాబట్టి మామూలు టూల్ జారిపోతుంది, కార్బైడ్ టిప్ కావాలి. ఆ టర్నర్ పెద్దాయన మా డ్రాయింగ్ చూసి, "టాలరెన్సు సున్నా అని రాశావేంటి బాబూ? సున్నా నీ చేతా కాదు, నా చేతా కాదు. బేరింగ్ ఇచ్చెళ్లు, దానికి సరిపోయేట్టు చేస్తా" అన్నాడు. డ్రాయింగ్ పేపర్లో మాకు వచ్చిన మార్కులు చాలానే, కానీ ఈ ముక్క అక్కడే అర్థమైంది. స్క్రూకి ఒక చివర మాత్రమే గట్టిగా పట్టుకోవాలని కూడా ఆయనే చెప్పాడు. అక్కడ రెండు యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగులు ఎదురెదురుగా బిగిస్తే నిలువు తోపు అవి మోస్తాయి. రెండో చివర మామూలు బేరింగ్‌లో జారేట్టు వదిలేయాలి, వేడికి స్క్రూ సాగితే వంగకుండా. నట్‌లో ప్లే లేకుండా చేసి బేరింగ్‌లో ప్లే వదిలేస్తే గేజ్ ముల్లుకి తేడా తెలియదు, రెండూ కలిపే చూపిస్తుంది.

రెండోది, బాల్ నట్‌ని స్క్రూ మీంచి ఎప్పుడూ తీయకండి. తీయాల్సొస్తే స్క్రూ లావుకి కాస్త తక్కువ ఉన్న గొట్టాన్ని చివరకి ఆనించి నట్‌ని దాని మీదకి జరపాలి. మావాడొకడు నట్ ఎంత నున్నగా తిరుగుతోందో చూపిస్తూ చివరిదాకా తిప్పాడు. 3.175 మి.మీ. గోళీలు, సరిగ్గా అంగుళంలో ఎనిమిదో వంతు, వర్క్‌షాప్ గచ్చు మీద ముత్యాల్లా దొర్లాయి. అయస్కాంతం పట్టుకుని లేత్‌ల కింద పాకుతూ ఏరాం. గచ్చంతా ఇనప రజను కాబట్టి అయస్కాంతానికి గడ్డం వచ్చింది, గోళీలు ఆ గడ్డంలో వెతుక్కోవాల్సొచ్చింది. గ్రీజు రాసి ఒక్కొక్కటీ టూత్‌పిక్‌తో పెట్టుకుంటూ మళ్లీ ఎక్కించేసరికి రాత్రి పదకొండు.

అడుగుల లెక్క

ఇప్పుడు అందరికీ ఇష్టమైన భాగం. ఇది త్వరగా ముగిస్తాను, ఎందుకంటే నిజంగా ఇది త్వరగానే ముగుస్తుంది.

స్టెప్పర్ మోటార్ ఒక చుట్టుని 200 అడుగులుగా వేస్తుంది, అడుగుకి 1.8 డిగ్రీలు. నీమా 23 అనేది మోటార్ ముఖం కొలత, 2.3 అంగుళాలు, దాని బలం కాదు. బలం పొడవుని బట్టి మారుతుంది. మేం 1.9 న్యూటన్ మీటర్లవి వేశాం. డ్రైవర్‌లో ఒక్కో అడుగుని 8 మైక్రోస్టెప్పులుగా విడగొడితే చుట్టుకి 1600. ఎక్స్‌లో చుట్టుకి 5 మి.మీ. కాబట్టి మి.మీ.కి 320 అడుగులు. గ్రబుల్‌లో డాలర్ 100 అనే సెట్టింగ్‌లో పెట్టే అంకె ఇదే. వైలో చుట్టుకి 4 మి.మీ. కాబట్టి డాలర్ 101లో 400. మేం మూడింటికీ 320 కొట్టి ఎంటర్ నొక్కాం. 40 బై 40 చదరం అడిగితే 40 బై 32 వచ్చింది. గంటసేపు కప్లింగ్ జారుతోందేమోనని బోల్టులు బిగించాక, 32ని 40తో భాగించి చూసుకున్నాం.

320 అంటే అడుగుకి 0.003 మి.మీ. కదా, మన మెషిన్ మూడు మైక్రాన్ల మెషిన్ అని పోస్టర్‌లో రాసేయకండి. మైక్రోస్టెప్పులు పెంచితే నడక నున్నబడుతుంది గానీ ఖచ్చితత్వం అదే నిష్పత్తిలో పెరగదు. 16కి పెంచితే ఒక్క మైక్రోస్టెప్పుకి మోటార్ చూపించే బలం మొత్తంలో పదో వంతు. బల్ల రాపిడి అంతకంటే ఎక్కువుంటే రెండు మూడు అడుగులు పోగయ్యాక ఒక్కసారి జరుగుతుంది.

బలం చాలుతుందా అన్న భయం మాకు ఉండేది. వేగం పెరిగేకొద్దీ కాయిల్‌లో కరెంటు పెరగడానికి టైం చాలక స్టెప్పర్ బలం పడిపోతుంది, అందుకే 24 బదులు 36 వోల్టుల సప్లై తీసుకున్నాం. సగానికి సగం పడిపోయి 0.95 మిగిలిందనుకున్నా, 5 మి.మీ. స్క్రూ దాన్ని దాదాపు 1070 న్యూటన్ల తోపుగా మారుస్తుంది. వంద కిలోలు దాటిన తోపు. ఈ బుల్లి మెషిన్ కోతకి అది ఎక్కువే, బల్లకీ కాలమ్‌కీ మధ్య వేలు ఉంటే చాలా ఎక్కువ.

కంట్రోలర్‌గా ఆర్డునో ఊనో, దాని మీద గ్రబుల్. 2009లో నార్వేకి చెందిన సిమెన్ స్వాలె స్కాగ్సురుడ్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. 32 కిలోబైట్ల మెమరీలో మూడు యాక్సిస్‌ల కదలికనీ, వేగం పెంచడం తగ్గించడాన్నీ ముందుచూపుతో లెక్కగట్టడం చూస్తే, పేజీకి వంద మెగాబైట్లు తినే మన వెబ్‌సైట్లని తలుచుకుని సిగ్గేస్తుంది. పాత డెస్క్‌టాప్ ఒకటి దొరికితే లినక్స్‌సీఎన్‌సీ ఇంకా మంచిదని నా అభిప్రాయం. అమెరికా ప్రభుత్వ కొలతల సంస్థ ఎన్ఐఎస్‌టీలో పుట్టిన ప్రోగ్రామ్‌కి వారసురాలు అది.

మమ్మల్ని ఏడిపించింది లిమిట్ స్విచ్‌లు. బల్ల అంచుకి పోకుండా ఆపాల్సినవి, స్పిండిల్ ఆన్ చేసిన ప్రతిసారీ ఎవరూ తాకకుండానే 'అలారం 1' అని మెషిన్‌ని ఆపేసేవి. స్పిండిల్‌ది కార్బన్ బ్రష్‌ల డీసీ మోటార్. దాని నాయిస్ పక్కనే పోతున్న స్విచ్ వైర్లలోకి ఎక్కుతోంది. షీల్డెడ్ కేబుల్ వేసి, షీల్డ్‌ని ఒక చివరే ఎర్త్ చేసి, స్విచ్‌లని మామూలుగా మూసి ఉండే తీరుకి మార్చి, వైర్లని స్పిండిల్ వైరుకి దూరంగా తీసుకెళ్తే తగ్గింది. మూసి ఉండే తీరు వల్ల ఇంకో లాభం, వైరు తెగినా అలారమే వస్తుంది. తెరిచి ఉండే తీరులో వైరు తెగితే, అది తెగిన సంగతి బల్ల వెళ్లి గుద్దుకున్నాకే తెలుస్తుంది.

కరెంటు పోయిన రోజు

మెషిన్ విప్పుతున్నప్పుడు కాలమ్ పక్కన ఒక స్ప్రింగు చెయ్యి ఉండేది. హెడ్‌ని కింద నుంచి పట్టుకుని ఉంటుంది. కొత్త బాల్ స్క్రూకి అడ్డం వస్తోందని పీకి డబ్బాలో పడేశాం. ల్యాబ్ అసిస్టెంట్ గారు అప్పుడే అడిగారు, "ఆ స్ప్రింగు తీసేశారేంట్రా?" అని.

"అడ్డం వస్తోంది సార్. ఇప్పుడు మోటార్ పట్టుకుంటుందిగా" అన్నాం.

ఆయన ఇంకేం అనలేదు. ఇంకోసారి అడిగుంటే ఏమని చెప్పేవాళ్లమో!

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం. జడ్ గిబ్‌లు కొత్తగా సర్ది, నూనె రాసి, హెడ్ ఎంత తేలిగ్గా కదుల్తోందో అని మురిసిపోయిన రోజు. మావాడొకడు వైస్‌లో జాబ్ సరిచేస్తున్నాడు, కట్టర్ పైన ఉంది, స్పిండిల్ ఆగి ఉంది. కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది, లైట్లు ఆరాయి, హెడ్ కిందకి దిగింది. పడలేదు, దిగింది. మొదట మెల్లగా, తర్వాత వేగంగా, స్క్రూ దానంతటదే గిర్రున తిరుగుతూ. వాడు చెయ్యి లాక్కున్నాడు. కట్టర్ వైస్ దవడ మీద దిగబడి గాటు పెట్టింది. ఆ గాటు ఇప్పటికీ ఉంది, వర్క్‌షాప్‌కి వెళ్తే చూడొచ్చు. చూపుడువేలు ఒక్క క్షణం ముందు ఉన్న చోటది.

ఆ సాయంత్రం కాగితం మీద చేసిన లెక్క ఇది, మొదటిరోజే చేసుండాల్సింది. హెడ్‌ని తూచితే 14 కిలోలు, అంటే 137 న్యూటన్లు. బాల్ స్క్రూ 90 శాతం సామర్థ్యంతో మన తిప్పుడుని తోపుగా మారుస్తుందంటే, తోపుని కూడా దాదాపు అంతే బాగా తిప్పుడుగా మార్చగలదు. 137ని 0.005తో, 0.9తో గుణించి 6.28తో భాగిస్తే 0.098 న్యూటన్ మీటర్లు. కరెంటు ఉన్నప్పుడు మోటార్ పట్టు 1.9, దాని ముందు ఇది లెక్కే కాదు. కరెంటు లేనప్పుడు మోటార్‌కి మిగిలేది లోపలి అయస్కాంతాల చిన్న పట్టు మాత్రమే, అది ఈ 0.098 కంటే తక్కువ. మిగతాది గిబ్ రాపిడి ఆపుతూ వచ్చింది, దాన్నే మేం శ్రద్ధగా నూనె రాసి తీసేశాం. పాత తరహా మర స్క్రూ అయితే ఈ ప్రమాదం లేదు. దాని వాలు తక్కువ, రాపిడి ఎక్కువ, ఎంత నొక్కినా వెనక్కి తిరగదు. మనం తిట్టుకున్న ఆ రాపిడే హెడ్‌ని పట్టుకుని ఉండేది.

ఎమర్జెన్సీ స్టాప్ కథ ఇంకా దారుణం. ఎర్ర బటన్‌ని ఆర్డునోకి మాత్రమే కలపకూడదు, సాఫ్ట్‌వేర్ ఇరుక్కుపోతే బటన్ మాట వినేవాడు ఉండడు, పవర్‌నే తెంచాలి అని చదివి అలాగే చేశాం. స్పిండిల్ పవర్, మూడు డ్రైవర్ల పవర్ అన్నీ ఒక్క కాంటాక్టర్‌తో తెగిపోయేట్టు. అంటే కంగారులో ఎవరైనా ఆ బటన్ నొక్కితే హెడ్ వాళ్ల మీదకి దిగుతుంది! కాపాడాల్సిన బటనే కట్టర్‌ని దించుతుంది. కరెంటు ముందే పోయి మాకు మేలు చేసిందనుకోవాలి.

దీనికి మందులు మూడు. జడ్‌కి మర స్క్రూనే వాడటం, ప్లే ఉన్నా హెడ్ బరువే సందుని ఎప్పుడూ ఒక పక్కకి నొక్కి ఉంచుతుంది కాబట్టి జడ్‌లో అది అంతగా బాధపెట్టదు. లేదా కరెంటు పోతే దానంతటదే పట్టుకునే బ్రేకు ఉన్న మోటార్. లేదా బరువుని ఎదురు తూచడం. మేం మూడోది చేశాం. ఆటోనగర్ పాత సామాన్ల కొట్టులో కారు డిక్కీని లేపి పట్టుకునే గ్యాస్ స్ట్రట్లు దొరుకుతాయి, వాటి మీద న్యూటన్లలో బలం రాసి ఉంటుంది. 150 అని ఉన్నది ఒకటి తెచ్చి హెడ్ కింద పెట్టాం. ఇప్పుడు పవర్ తీసేస్తే హెడ్ ఉన్నచోటే ఉంటుంది. పవర్ తీసి, కింద చెక్క దిమ్మ పెట్టి, హెడ్‌ని చేత్తో నొక్కి చూడటం ఇప్పుడు ప్రతిరోజూ మెషిన్ ఆన్ చేయడానికి ముందు చేసే మొదటి పని. స్ట్రట్‌లో గ్యాస్ ఎప్పటికైనా కారిపోతుంది కదా. మళ్లీ చేయమంటే మాత్రం నేను మొదటి మందే వేస్తాను. బాల్ స్క్రూ పెట్టాలన్న సరదా జడ్‌లో అనవసరం.

కోత

స్పిండిల్ బల్లకి నిలువుగా ఉందో లేదో చూసుకోవడం మరిచిపోవద్దు. స్పిండిల్‌కి డయల్ గేజ్ తగిలించి బల్ల మీద గుండ్రంగా తిప్పితే ముల్లు ఎక్కడా పెద్దగా కదలకూడదు. ఈ మోడల్ కాలమ్ వెనక ఒకే ఒక్క పెద్ద నట్టుతో నిలబడి ఉంటుంది, గట్టిగా కోస్తే వెనక్కి వాలుతుంది. అందుకే లోతు తక్కువ, ఓపిక ఎక్కువ. అల్యూమినియంలో 6 మి.మీ., రెండు పళ్ల కట్టర్, 2500 ఆర్‌పీఎం, పన్నుకి 0.03 మి.మీ. చొప్పున అయితే ఫీడ్ నిమిషానికి 150 మి.మీ. మా మోటార్లు పదింతలు వేగంగా నడపగలవు, కానీ నడపగలదు కదా అని నడిపితే కిటికీ ఊచ మళ్లీ సిద్ధంగా ఉంటుంది. కట్టర్‌ని జాబ్‌కి పైన గాల్లో ఉంచి ప్రోగ్రామ్ ఒకసారి మొత్తం నడిపించి చూడండి, ప్రతిసారీ. అడుగు తప్పితే చెప్పడానికి ఈ మోటార్లకి కళ్లు లేవు, తామెక్కడున్నామో వాటికి లెక్కే తప్ప చూపు లేదు. స్క్రూల మీద పొట్టు పడకుండా మేం పాత ఎక్స్‌రే ఫిల్ములు కోసి కప్పాం. ఎవరిదో మోకాలు ఇప్పుడు ఎక్స్ యాక్సిస్‌ని కాపాడుతోంది.

మళ్లీ 40 మి.మీ. గుండ్రం కోశాం, ఈసారి అల్యూమినియంలో. ఎక్స్ వైపు 39.98, వై వైపు 39.96. బొటనవేలితో చుట్టూ తడిమి చూశాం. ల్యాబ్ అసిస్టెంట్ గారు కూడా తడిమారు, రెండుసార్లు, కళ్లు మూసుకుని. "ఊఁ" అన్నారు. వైలో ఇంకా 0.03 ప్లే ఉంది, బేరింగ్ నట్ ఇంకాస్త బిగించి చూడాలి. ఎక్స్ నట్‌లో ఒక గోళీ తక్కువే ఉంది. దాంతో పనికేం ఇబ్బంది లేదు గానీ, మూడో లేత్ కింద ఊడ్చేటప్పుడు ఎవరికైనా దొరికితే మెకానికల్ ఫైనలియర్‌లో ఎవరినడిగినా మా దగ్గరికి పంపిస్తారు.